మొదటి పత్రిక ఎవరికి?

ఎవరింట్లోనైనా కంప్యూటర్ మొరాయించిందని కబురొస్తే పరశురాముడు వెళ్ళేవాడు. వెళ్ళి కంప్యూటర్ ముందు మాత్రం కూర్చునేవాడు కాదు. వంటింటి బల్ల దగ్గరో, చెప్పుల అలమర పక్క ముక్కాలిపీట మీదో ఇంటివాళ్ళకి ఎదురుగా కూర్చుని, చొక్కా జేబులోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీసి, కళ్ళజోడు సర్దుకుని, "చెప్పండి. మొదట్నుంచీ చెప్పండి" అనేవాడు. తొందరపడేవాళ్ళకి అది చిరాకు. "అంకుల్, ముందు ఒకసారి చూడండి" అనేవారు. ఆయన తల ఊపి, పెన్ను మూత తీసి, మళ్ళీ అదే మాట అనేవాడు.

ఆ బుక్కులో ఇంటికో పేజీ. పేజీకి మూడే వరసలు. ఫిర్యాదు, కారణం, చేసిన పని. టెలిఫోన్ కంపెనీలో కేబుల్ జాయింటర్‌గా పనిచేసిన ముప్పై ఒక్క ఏళ్ళూ అట్ట కార్డుల మీద ఇంగ్లీషులో ఈ మూడే నింపాడు. రిటైరయ్యాక తన సొంత బుక్కులో తెలుగులో నింపుకునేవాడు. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా, బడిపిల్లాడి చేతిరాతలా ఉండేవి. అందుకు కారణం ఉంది. ఆయన తెలుగు రాయడం నేర్చుకున్నది యాభై రెండో ఏట.

పుట్టింది మలేషియాలో, పేరాక్ వైపు ఒక కొబ్బరి తోటలో. తోట లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్ళలో, అందరూ తెలుగువాళ్ళే. ముత్తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నోట్లో తెలుగు ఉంది, చేతిలో లేదు. తోటలోని బడి తమిళ బడి. ఇరవై నాలుగో ఏట ఒక రేకు పెట్టెతో సింగపూరు వచ్చి, మ్యాన్‌హోల్లో దిగే పనిలో చేరాడు. అప్పటి కేబుల్లో కాగితం చుట్టిన రాగి తీగలు వందలుండేవి, పైన సీసం తొడుగు. వాన నీరు ఒక్క చుక్క లోపలికి దిగితే సగం వీధి ఫోన్లు మూగబోయేవి. తీగ కాగితం చిన్న ముక్క చించి వేడి మైనంలో ముంచేవాడు. నురగ వస్తే తడి ఉన్నట్టు. నురగ రాకపోతే ఇంకో చోట వెతకాలి. ఆ పని ఆయనకి రెండు సూత్రాలు నేర్పింది. ఫోన్ని అడిగే ముందు మనిషిని అడుగు. మళ్ళీ కలపలేని తీగని కొయ్యకు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క ఫాల్టు కూడా ఇంకో గ్యాంగుకి అప్పజెప్పలేదని ఆయన గర్వం. ఆ గర్వం ఆయన ఎప్పుడూ పైకి చెప్పేవాడు కాదు. భార్య చెన్నమ్మే చెప్పేది, అదీ వెక్కిరిస్తూ.

"దేశంలో తీగలన్నీ నీ మాట వింటాయి. మనింట్లో ఫ్యానొక్కటే వినదు. అది కటకటలాడబట్టి మూడేళ్ళు."

"దాని ఫిర్యాదు నువ్వు సరిగ్గా చెప్పలేదు."

"అలామాక్, ఓరి దేవుడా! ఇంకెలా చెప్పాలి? పాడి వినిపించాలా?"

ఆ కంపెనీలోనే డ్రాయింగు ఆఫీసులో వీరభద్రరావు ఉండేవాడు. కాకినాడ నుంచి వచ్చినవాడు. నేలకింద ఏ తీగ ఎటు పోతుందో ఆయన కాగితం మీద గీస్తే, ఆ గీత పట్టుకుని ఈయన నేలకింద దిగేవాడు. ఒకరోజు టీ తాగుతూ పరశురాముడు, "రావుగారూ, నా పేరు తెలుగులో ఎలా ఉంటాది?" అని అడిగాడు. వీరభద్రరావు మ్యాపు అంచున రాసి చూపించాడు. పరశురాముడు ఆ కాగితం చాలాసేపు చూసి, "ఇంతుందా!" అన్నాడు. మర్నాటి నుంచి భోజనం వేళల్లో అక్షరాలు మొదలయ్యాయి. ఏడాదిన్నర పట్టింది. చివరికి తన కార్డులోని మూడు మాటలూ తెలుగులో ఏమవుతాయో రావుగారిచేతే రాయించుకున్నాడు.

వీరభద్రరావు పోయి మూడేళ్ళయింది. ఆయన భార్య రామలక్ష్మి కూడా తోటలో పుట్టిన పిల్లే. ఊరికి పడమటి చివర బూన్ లే అనే పేటలో, పరశురాముడి ఇంటికి నాలుగు బ్లాకుల అవతల ఉంటోంది. పరశురాముణ్ణి అన్నయ్యా అంటుంది. ఒక బుధవారం పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది.

"అన్నయ్యా, వచ్చే ఉత్తరాలు వస్తన్నాయి. పోయేవి పోటం లేదు."

పరశురాముడు నోటుబుక్కు జేబులో పెట్టుకుని బయల్దేరాడు. చెన్నమ్మ ఫ్యాను వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది.

రామలక్ష్మి చెప్పింది ఇది. కొడుకు కౌశల్ పెళ్ళి వచ్చే నెల. కార్డులు యాభై అచ్చువేయించింది. మలేషియాలో చెల్లాచెదురుగా ఉన్న తోటవాళ్ళకి, ఇండియాలో రావుగారి వైపు వాళ్ళకి ఈమెయిల్లోనే పంపుదామని కార్డుని బొమ్మ తీసి అంటించింది. అడ్రసులన్నీ రావుగారు ఆ కంప్యూటర్లోనే కూర్చిపెట్టి పోయాడు. పోయిన శుక్రవారం పొద్దున కూర్చుని అందరికీ పెట్టింది. ఒక్కటీ పోలేదు.

"అంతకుముందు పోయేవా?"

"గురువారం మా అక్కకి పోయింది."

"గురువారానికీ శుక్రవారానికీ మధ్య ఏటి చేశావు?"

"ఏటీ చేయలేదు. తడిగుడ్డతో తుడిచాను."

ఆయన అదీ రాసుకున్నాడు.

ఇందులో అసలు కష్టం ఉత్తరాలు పోకపోవడం కాదు. రామలక్ష్మి అల్లుడు మహీధర్ ఊరికి తూర్పు చివర టాంపినీస్‌లో ఉంటాడు, పెద్ద బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం. విషయం వినగానే, ఆదివారం వచ్చి డిస్కు మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తానన్నాడు. ఆ డిస్కులో రావుగారి ఉత్తరాలున్నాయి. పదకొండేళ్ళ కిందటి నుంచీ ఉన్నవి. రామలక్ష్మి తల్లి జబ్బుపడినప్పుడు ఆరు నెలలు పుట్టింట్లో ఉంటే, రోజుకొకటి చొప్పున ఆయన ఆమెకి రాసినవి కూడా అందులోనే. అన్నీ తెలుగులో, ఆ కాలపు ఒక ఫాంటులో కొట్టినవి. ఆ ఫాంటు ఇప్పుడు ఆ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. అదిచ్చిన ఫ్లాపీ ఎప్పుడో పోయింది.

"ఒక ఉత్తరం మాలిని ఇంట్లో తెరిచి చూశాను అన్నయ్యా," అంది కూతురి పేరు చెప్పి. "ఒక్క అక్షరం లేదు. అన్నీ గీతలూ, చుక్కలూ, డాలరు గుర్తులూ. ఆయన మాట్లాడుతుంటే నాకు చెవుడొచ్చినట్టయింది."

పరశురాముడు మహీధర్‌కి ఫోన్ చేశాడు.

"అంకుల్, మీరెందుకు పరేషాన్ అయితున్నరు?" అన్నాడు మహీధర్. వరంగల్ పిల్లాడు, మంచివాడు, తొందరెక్కువ. "ఆ డబ్బా పన్నెండేండ్లది. అట్లనే అయితది. నేనొస్త గదా, మొత్తం సాఫ్ చేస్త."

"మీ మామగారి ఉత్తరాలు?"

"బ్యాకప్ తీస్త అంకుల్."

"తీస్తావు. చదవటానికొస్తాయా?"

"ఆ ఫాంటుది తర్వాత ఏదన్న జేద్దాం. పెండ్లి పని ఆగొద్దు గద."

"ఆదివారం దాకా నాకియ్యి బాబూ. అప్పటికి ఉత్తరాలు పోకపోతే నీ ఇష్టం."

మాట ఇచ్చేశాక ఆయన ఫోను బల్ల మీద పెట్టి, రామలక్ష్మి మొహం చూడకుండా లేచి వెళ్ళి మోడెమ్ దగ్గర వంగాడు.

అక్కడి నుంచి కేబుల్ వెతికినట్టే వెతికాడు. దగ్గరి చివర నుంచి దూరపు చివరకి. గోడ సాకెట్టు, తీగ, మోడెమ్ దీపాలు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తన లాప్‌టాప్ తెచ్చి అదే తీగకి తగిలించి ఒక ఉత్తరం పంపాడు. పోయింది. అంటే తీగలో తడి లేదు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి నలభై నిమిషాలు పాటలు విన్నాక ఒక అమ్మాయి పలికింది. ఆపి మళ్ళీ వెయ్యమంది. వేశాడు. బయటికి పోయే ఉత్తరాలకి కూడా పాస్‌వర్డ్ అడిగేలా పెట్టమంది, పోర్టు నంబరు మార్చమంది. అన్నీ చేశాడు. మార్చే ముందు పాత నంబరు బుక్కులో రాసుకున్నాడు. మార్పు లేదు. మర్నాడు గురువారం వైరస్ కాపలా ఆపి చూశాడు. అదీ కాదు. ఆపినది మళ్ళీ పెట్టాడు.

ఆ ఈమెయిల్ ప్రోగ్రాం పాతది, ఉచితంగా దొరికినది. కుదరకపోతే కుదరలేదని ఒక ఎర్ర గుర్తు, పక్కన ఒక నంబరు. ఎందుకో చెప్పదు. ఔట్‌బాక్స్‌లో తొమ్మిది ఉత్తరాలు బారులు తీరి ఉన్నాయి. ఎవరికి పోవాలో చూద్దామంటే, రామలక్ష్మి పేర్లన్నీ ఆ తెలుగు ఫాంటులో కొట్టింది. ఉత్తరం లోపల తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది, వరస చూపించే చోట మాత్రం అన్నీ గీతలూ చుక్కలే. తొమ్మిదీ తొమ్మిది కవల పిల్లల్లా ఉన్నాయి. పరీక్షకని తన పేర ఒకటి పంపాడు. అది పదోదై వెనకాల నిలబడింది.

శుక్రవారం పొద్దంతా అక్కడే కూర్చున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ తినకుండా ఆగిపోయాడు. ఫ్యాను కటకటలాడుతోంది. చెన్నమ్మ మజ్జిగ పోసింది.

"ఎన్ని ఫాల్టులు దొరికాయి జీవితంలో?" అంది.

"లెక్కెట్టలేదు."

"దొరకనిది ఒకటుంటే ఏటైపోద్ది?"

"రావుగారు పోతారు," అన్నాడు ఆయన. "ఇంకోసారి."

చెన్నమ్మ మర్నాడు పొద్దున్నే లేచి పులిహోర కలిపి, స్టీలు డబ్బాలో సర్ది, తాను కూడా చీర మార్చుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "పద. నేనూ వస్తాను. నువ్వు రామలక్ష్మి మొహం చూస్తే తీగే కనిపిస్తాది. నేను పిల్ల మొహం చూసొస్తాను."

శనివారం పది గంటలకి రామలక్ష్మి వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు. కింద తిండి దుకాణాల హాకర్ సెంటరు నుంచి వేగుతున్న వాసన పైకొస్తోంది. పరశురాముడు బల్ల చివర నోటుబుక్కు తెరుచుకుని, రాసిన పేజీనే మళ్ళీ చదువుకుంటున్నాడు. ఆడవాళ్ళు పెళ్ళి మాటల్లో పడ్డారు. పెళ్ళికూతురు ఎత్తెంత, జడెంత, వాళ్ళు ఉల్లి తింటారా. గుడి హాలు ఎప్పుడిస్తారు, మకాన్, అదే భోజనాలు, ఎవరికి చెప్పారు.

"అప్పడాలు పెట్టిస్తున్నావా?"

"పెట్టకపోతే నువ్వూరుకుంటావా వదినా?"

"ఊరుకోను. సరే గాని, మొదటి పత్రిక ఎవరికిచ్చావు?"

తెలుగిళ్ళలో పెళ్ళి పత్రికలు చేతికొచ్చాక పెద్దవాళ్ళు వేసే మొదటి ప్రశ్న అదే. జవాబు కోసం అడిగేది కాదు. అందరికీ తెలిసిందే.

"దేవుడికే వదినా. కార్డు పసుపు రాసి పటం దగ్గర పెట్టాను. కంప్యూటర్లో కూడా ముందు స్వామికే పెట్టి, తర్వాతే మిగతావాళ్ళకి పెట్టాను. అక్కడొక పద్ధతి, ఇక్కడొక పద్ధతీనా?"

పరశురాముడి పెన్ను ఆగింది.

"ఎక్కడ పెట్టావమ్మా?"

"అందులోనే అన్నయ్యా. ఆ డబ్బాలోనే. వేంకటేశ్వరస్వామివారికి అని."

"పేరు రాశావా? అడ్రసు రాశావా?"

"పేరొక్కటే రాస్తే ఒప్పుకోలేదు. అడ్రసు కావాలంది. రాశాను."

ఆయన అప్పటికే లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. హాల్లో కంప్యూటర్ దగ్గరికి పోయి, ఔట్‌బాక్స్‌లో అన్నిటికంటే మొదట పెట్టిన ఉత్తరం తెరిచాడు. లోపల చక్కగా తెలుగులో ఉంది. శ్రీ వేంకటేశ్వరస్వామివారి దివ్య సముఖమునకు. అడ్రసు గడిలో ఎట్ గుర్తుకి ఇవతల స్వామి, అవతల తిరుమల. అంతే. తర్వాత చుక్క లేదు, కామ్ లేదు, ఏమీ లేదు.

"ఇదేటమ్మా?"

"స్వామి ఉండేది అక్కడే గదన్నయ్యా," అంది రామలక్ష్మి బిక్కమొహంతో. "ఆయనకి చేరాలని కాదు. ముందు ఆయన పేరుండాలని పెట్టాను."

పరశురాముడు పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన మొహంలో ఏదో వెలిగింది. మైనంలో నురగ చూసిన రోజుల్లో మ్యాన్‌హోల్ పైన నిలబడ్డవాళ్ళు చూసిన వెలుగు అదే అయి ఉండాలి.

"చూడు. ఉత్తరం ముందు సర్వర్ దగ్గరికి పోతాది. అంటే పోస్టాఫీసు అనుకో. ఇలాంటి అడ్రసు లేదు, తీసుకోనంటాడు వాడు. కొత్త ప్రోగ్రామైతే దాన్ని పక్కన పెట్టి రెండోది పంపేది. ఇది రావుగారి లాంటిది. పెద్దవాళ్ళు కదలకుండా చిన్నవాళ్ళని కదలనివ్వదు. స్వామి గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాల మీ తోట జనం, మీ అక్క, నేను, అందరం ఆగిపోయాం."

చెన్నమ్మ నోరు చీర కొంగుతో మూసుకుంది. నవ్వు ఆగలేదు. "నాలుగు రోజులబట్టి స్వామినా నువ్వు దారిలోంచి తప్పుకోమంటున్నది?"

"మరి ఇప్పుడేటి చేస్తావన్నయ్యా?"

చేయాల్సింది తేలికే. ఆ ఒక్క ఉత్తరం తీసేస్తే చాలు, మిగతావన్నీ పోతాయి. ఆయన వేలు మౌస్ మీదికి వెళ్ళింది. రామలక్ష్మి రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని, ఆ తెర వైపు చూస్తోంది. మూడేళ్ళుగా భర్త లేని ఇంట్లో మొదటి శుభకార్యం. మొదటి పత్రిక దేవుడికి రాసి, మళ్ళీ తన కళ్ళెదుటే చింపించుకోవడం. ఆమె వద్దనదు. అడ్డుపడే మనిషి కాదు.

ఆయన వేలు వెనక్కి తీశాడు.

"అడ్రసు లేకపోతే ఇద్దాం," అన్నాడు.

తన లాప్‌టాప్ తెరిచి, ఉచితంగా ఈమెయిల్ ఇచ్చే చోట కొత్త పెట్టె తెరవడానికి కూర్చున్నాడు. పేరడిగింది. ఇచ్చాడు. ఇంటిపేరడిగింది.

"స్వామికి ఇంటిపేరేటి?" అంది చెన్నమ్మ వెనకనుంచి.

"ఏడుకొండలు," అంది రామలక్ష్మి. నాలుగు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

పుట్టిన తేదీ అడిగింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆయనది వెయ్యన్నయ్యా," అంది రామలక్ష్మి నెమ్మదిగా. ఆయనెవరో పరశురాముడు అడగలేదు. తేదీ ఆయనకి తెలుసు.

అడ్రసు పేరు మాత్రం తనే పెట్టాడు. మొదటిపత్రిక అని, ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. పెట్టె తెరుచుకుంది. ఆ అడ్రసు తెచ్చి పాత కంప్యూటర్లో స్వామివారి పేరు పక్కన జాగ్రత్తగా కొట్టాడు. ఒక్కో అక్షరం వేలితో పట్టుకుని సరిచూశాడు. తర్వాత లేచి నిలబడి, కుర్చీ రామలక్ష్మి వైపు తిప్పాడు.

"నువ్వు నొక్కమ్మా."

నొక్కింది. ఎర్ర గుర్తు రాలేదు. పై వరస కదిలింది, పోయింది. రెండోది. మూడోది. బొమ్మ బరువైనవి కాస్త ఆగి ఆగి పోయాయి. చివరికి పరశురాముడు తనకు తాను పంపుకున్నది కూడా పోయింది. ఔట్‌బాక్స్ ఖాళీ. లాప్‌టాప్‌లో, స్వామివారి కొత్త పెట్టెలో, ఒక ఉత్తరం వచ్చి కూర్చుంది.

రామలక్ష్మి లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. చాలాసేపు ఆ నీళ్ళు పోతూనే ఉన్నాయి. చెన్నమ్మ వెళ్ళి కట్టేసి, పులిహోర డబ్బా మూత తీసింది.

మర్నాడు మహీధర్ సంచీతో దిగాడు. సంచీలో కొత్త డిస్కు, స్క్రూడ్రైవర్లు. గంటకు పైగా రైల్లో వచ్చాడు. పరశురాముడు ఆ ఇంట్లోనే ఉన్నాడు, పేపరు చదువుతున్నట్టు.

"అత్తమ్మా, ఉత్తరాలు పోయినయట గదా? మా చిన్నాయన ఫోన్ జేసిండు, పత్రిక అందిందని." మహీధర్ సంచీ కింద పెట్టాడు. "అంకుల్, ఎట్ల జేసిన్రు? నేను ఇంట్లకెళ్ళి రెండు రాత్రులు సర్వర్ సెట్టింగులన్నీ చదివిన. నాకేం దొరకలే."

పరశురాముడు పేపరు మడిచి, జరిగింది చెప్పాడు. దేవుడి అడ్రసు దగ్గరికొచ్చేసరికి మహీధర్ పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, హఠాత్తుగా ఆగాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, మామగారి ఉత్తరాల్లో ఒకటి తెరిచాడు. తన ఇంట్లో గీతలూ చుక్కలూగా కనిపించినదే. ఇక్కడ అక్షరాలున్నాయి. పెదాలు కదుపుతూ నాలుగు వరసలు చదివాడు. లేచి స్క్రూడ్రైవర్లు సంచీలో పెట్టేశాడు.

"ఈ డబ్బాను ఎవ్వరు ముట్టొద్దు," అన్నాడు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. తర్వాత పరశురాముడి వైపు తిరిగి, "అంకుల్, మా ఆఫీసులో ఇరవై మందిమి ఉన్నం. మీ అసొంటోడు ఒక్కడు లేడు" అన్నాడు.

పరశురాముడు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"అడిగింది నేను," అంది చెన్నమ్మ పక్క నుంచి.

"అడగటం వేరు, వినటం వేరు," అన్నాడాయన.

ఆ మాట మీద భార్యాభర్తలకి పన్నెండేళ్ళు తగువు నడిచింది. ఎవరింట్లో ఆ కథ చెప్పినా, ఆయన చెప్పడం ముగించగానే ఈమె "అడిగింది నేను" అనేది. ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే తలుపు దగ్గరికి వెళ్ళి ఆమె చెప్పులు ముందుకి జరిపి పెట్టేవాడు.

కౌశల్ పెళ్ళి బాగా జరిగింది. తోట నుంచి రెండు బస్సుల జనం వచ్చారు. పెళ్ళిలో ఆ కథ ఆ నోటా ఈ నోటా పడింది. తర్వాత నెలలో ఎవరో గృహప్రవేశం పత్రిక పంపుతూ ముందు ఆ అడ్రసుకి పంపారు. తర్వాత ఇంకొకరు. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు కొందరికి అది అలవాటైపోయింది. పెళ్ళి, అక్షరాభ్యాసం, సీమంతం, ఏదైనా ముందు మొదటిపత్రికకి, తర్వాత చుట్టాలకి. పరశురాముడు రోజూ పొద్దున స్నానం చేసి ఆ పెట్టె తెరిచేవాడు. ఏదైనా వస్తే ప్రింటు తీసేవాడు. చెన్నమ్మ నాలుగు మూలలా పసుపు పెట్టేది. ఆయన పటం ముందు ఉంచి, నెల తిరిగాక పాతవన్నీ ఒక కట్టగా కట్టేవాడు.

కొందరు పత్రికలు కాక మొరలు కూడా పంపేవారు. ఉద్యోగం కావాలని, పరీక్ష పాసవ్వాలని, బిడ్డకి నయమవ్వాలని. మొదటి వరసలో అది పత్రిక కాదని తెలియగానే ఆయన కళ్ళు పక్కకి తిప్పుకునేవాడు. చదవకుండా ప్రింటు తీసి, అక్షరాలు లోపలికి మడిచి పటం కింద పెట్టేవాడు. "నాకొచ్చింది కాదు" అనేవాడు. ఒకరికీ ఒక్క జవాబు రాయలేదు. ఎవరి సంగతీ ఎక్కడా అనలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు జనం ఫోన్లు కలిపి, ఒక్కరి మాటా చెవిన వేసుకోని చేతులు అవి.

నిరుడు ఆయన నిద్రలోనే పోయాడు. డెబ్బై ఆరు. కటకటలాడే ఫ్యాను మాత్రం ఇంకా తిరుగుతోంది.

నెల మాసికం అయిన మర్నాడు మహీధర్ వచ్చాడు. ఇప్పుడు నెత్తి మీద కాస్త తెల్లబడింది. రామలక్ష్మి కంప్యూటర్ దుమ్ము ఏడాదికోసారి దులిపి, రావుగారి ఉత్తరాలు తెరుచుకుంటున్నాయో లేదో చూసి పోవడం అతని పని. ఆ రోజు చెన్నమ్మ ఇంటికొచ్చాడు.

"ఆంటీ, స్వామి పెట్టె నెల సంది ఎవరు తెరుస్తలేరు. అంకుల్ పాస్‌వర్డ్ ఏడన్న రాసిపెట్టిండా?"

చెన్నమ్మ అలమరలోంచి నల్ల అట్ట బుక్కులు దింపింది. పదిహేడున్నాయి. ఆమెకి చదవడం రాదు. మహీధర్ నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తిరగేశాడు. ఇంటికో పేజీ, పేజీకి మూడే వరసలు. ఆరో బుక్కు మధ్యలో రామలక్ష్మి పేజీ దొరికింది. కింద మూలన పాస్‌వర్డ్ ఉంది. అతను పైనుంచి చదవడం మొదలుపెట్టాడు.

"ఫిర్యాదు: ఉత్తరాలు పోవడం లేదు. కారణం: దేవుడికి అడ్రసు లేదు. చేసిన పని: ఇచ్చాను."

చెన్నమ్మ నవ్వింది. "అంతే. మూడు వరసల మనిషి."

మహీధర్ పేజీ మీదనుంచి తల ఎత్తలేదు. "దీంట్ల నాలుగున్నయి ఆంటీ."

"నాలుగా?"

అతను ముందు పేజీలు చూశాడు, వెనక పేజీలు చూశాడు. ఇంకెక్కడా లేదు. ఆ గుండ్రటి, పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి చదివాడు.

"కనిపెట్టినది: చెన్నమ్మ."

ఆమె చేయి చాపింది. మహీధర్ బుక్కు ఇచ్చాడు. ఆ పేజీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. "ఏది? ఇదా నా పేరు?" అంది. అతను చూపించాడు. "ఇంతుందా!" అంది.

మహీధర్ లాప్‌టాప్ తెరిచాడు. స్వామి పెట్టెలో నెల రోజుల పత్రికలు ఏడున్నాయి. మొరలు రెండు. మొరల దగ్గర అతను కళ్ళు పక్కకి తిప్పుకోవడం చెన్నమ్మ చూసింది. ప్రింటరు గుర్రుమని మొదటి కాగితం బయటికి తోసింది. అతను దాన్ని రెండు చేతులతో తీసి, వేడి ఆరేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

"ఆంటీ, పసుపు ఏడుంది?"

"మీ అంకుల్‌కి ఇన్నేళ్ళయినా తెలియలేదు, నీకేటి తెలుస్తాది," అంటూ ఆమె బుక్కు చంకలో పెట్టుకుని, తల ఎత్తుకుని వంటింట్లోకి నడిచింది.